సున్నా శాతం సారు

బయలుదేరే ముందు చేయవలసిన పనులు:

డిగ్రీ సర్టిఫికెట్ మీద హైదరాబాదులో ముద్ర వేయించాలి. ఆ ముద్ర అసలుదేనని ఢిల్లీలో ఇంకో ముద్ర వేయించాలి. ఆ రెండు ముద్రలనూ చూశామని వియత్నాం ఎంబసీ వాళ్లచేత మూడోది కొట్టించాలి. నా మీద ఏ కేసూ లేదని పోలీసుస్టేషన్‌లో కాగితం తీసుకోవాలి. టై కట్టుకోవడం నేర్చుకోవాలి. అక్క పెట్టిన పుంటికూర తొక్కు సీసా మూత చుట్టూ టేపు తిప్పాలి. పోయేది దుబాయ్‌కి కాదు, వియత్నాంకి అని వాడకట్టులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడి నాలుక సాఫు చేసుకోవాలి.

అన్నీ చేశాను. వీటిలో చివరిదొక్కటే అక్కరకు రాలేదు.

నా పేరు ఆడెపు లింబాద్రి. మాది కోరుట్ల. మా ఊళ్లో విదేశం అంటే గల్ఫ్, గల్ఫ్ అంటే దుబాయ్. మస్కట్‌కి పోయినవాడు కూడా దుబాయ్‌కే పోయినట్టు లెక్క. మా అమ్మ, అక్క బీడీలు చుట్టి చదివిస్తే ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. ఇంగ్లిష్ నాకు ఊరికే రాలేదు. బస్టాండులో పాత పేపర్లు అడుక్కొని తెచ్చి, బీడీల చాటల మధ్య కూర్చుని పైకి చదివేవాణ్ణి. మా వాడకట్టు వాళ్లు కొన్నాళ్లు నవ్వారు, కొన్నాళ్లు భయపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. ఆఖరికి నోరు తిరిగింది. తిరిగిన నోటికి ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం సముద్రం ఒడ్డున ఉన్న ఒక రేవు పట్టణంలో. సంస్థ పేరు గోల్డెన్ పెలికన్ ఇంగ్లిష్ అకాడమీ. వాకిట్లో మనిషెత్తు ఫైబర్ కొంగ ఒకటి, నోట్లో ఇంగ్లిష్ అక్షరాలు పట్టుకొని నిలబడి ఉంటుంది. డైరెక్టరు క్వాంగ్ గారు అంతకుముందు ఎయిర్ కండిషనర్ల వ్యాపారం చేసేవారు. మంచి మనిషి. జీతం ఆలస్యం చేసేవారు కాదు. ప్రతి తరగతి గదిలోనూ చలి దంచేది.

మొదట్లో నేను చేసింది మామూలు పనే. పాఠం చెప్పడం, చెప్పించడం, తప్పు దిద్దడం. విద్యార్థులు నన్ను 'థై లిం' అనేవారు. అక్కడ సారును థై అంటారు. లింబాద్రిలో మిగతా భాగం వాళ్లకు నోరు తిరగలేదు. నాతో పాటు డెర్మట్ అని ఒక ఐర్లండు ఆయన ఉండేవాడు. అరవై ఏళ్లుంటాయి. వర్షం గురించి మొదలుపెడితే వాళ్ల తాతగారి గాడిద దాకా వచ్చి ఆగేవాడు. విద్యార్థులు నోరు తెరుచుకొని వినేవాళ్లు.

మా సాయంత్రం తరగతిలో ఒక పెద్దమనిషి చేరాడు. పేరు తామ్. రేవులో పడవ నడుపుతాడు. పెద్ద ఓడలు నేరుగా రేవులోకి రాలేవు. లోపలి దారి తెలిసిన పైలట్ ఒకాయన ఓడ ఎక్కి దాన్ని తీసుకురావాలి. సముద్రంలో ఆగి ఉన్న ఓడ దాకా ఆ పైలట్‌ను చేర్చే చిన్న పడవ తామ్‌ది. అలల మీద ఎగిరిపడే పడవను ఓడకు ఆనించి, వేలాడే తాళ్ల నిచ్చెన మీదికి మనిషిని ఎక్కించాలి. ఆ వయసు వాళ్లను అక్కడ 'చూ' అని పిలవాలి, అంటే బాబాయి. మా కోరుట్లలో అయితే 'కాక'. నేను మనసులో తామ్ కాక అనే అనుకునేవాణ్ణి.

ఇన్నేళ్లూ ఆయన ఓడవాళ్లతో చేతి సైగలతో, హారన్‌తో మాట్లాడాడు. ఇప్పుడు రేవు అధికారులు కొత్త నిబంధన తెచ్చారు. పడవ నడిపేవాళ్లు రేడియోలో ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. అవతలి నుంచి ఓడ కెప్టెన్ లాగా ఒకరు మాట్లాడతారు, ఇవతలి నుంచి జవాబు చెప్పాలి. ఫెయిలైతే గేటు దగ్గర కాపలా డ్యూటీ.

"థై, ఆ గేటు దగ్గర కూచుంటే సముద్రం కనబడదు, గోడ అడ్డం," అన్నాడు తామ్ కాక మొదటిరోజు. "నాకు రాయడం వద్దు, చదవడం వద్దు. ఓడ మీది మనిషి ఏమంటున్నాడో నా చెవికి ఎక్కాలి. అంతే."

"ఎక్కిస్తాను," అన్నాను.

మాట ఇచ్చిన వారానికే డైరెక్టరు గారు సింగపూర్‌లో ఏదో సెమినార్‌కు వెళ్లి వచ్చారు.

సమావేశం పెట్టారు. పక్కన నాణ్యతా అధికారి మిస్ లాన్ కూర్చుంది. క్వాంగ్ గారికి ఇంగ్లిష్ రాదు, ఆయన మాటలు ఆమే మాకు ఇంగ్లిష్‌లో చెప్పేది. ఆమెకు చక్కటి ఇంగ్లిష్ వచ్చు. కానీ ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు, ప్రకటించేది.

"మిత్రులారా," అన్నారు క్వాంగ్ గారు, "ఇప్పటిదాకా మనం చేసింది బోధన. బోధన అనేది గత శతాబ్దపు పరికరం. తరగతిలో ఉపాధ్యాయుడు మాట్లాడే ప్రతి నిమిషమూ అభ్యాసకుడి నోటినుంచి లాక్కున్న నిమిషమే. ఇకమీదట మన సంస్థ ఉపాధ్యాయ వాక్కును దశలవారీగా క్రమబద్ధీకరిస్తుంది."

ఇందులో నిజం లేకపోలేదు. పంతులు ఒక్కడే వాగుతుంటే పిల్లలకు ఏం వస్తుంది? నేను నోట్‌బుక్ తీసి రాసుకున్నాను.

"అంటే ఎంత మాట్లాడవచ్చు?" అని అడిగాడు డెర్మట్.

"ఉపాధ్యాయ వాక్ పరిమితి ముప్పై శాతంగా నిర్ధారణ అయినది," అని ప్రకటించింది మిస్ లాన్.

డెర్మట్ నా చెవిలో అన్నాడు, "లిం, మా ఊళ్లో గుడ్ మార్నింగ్ చెప్పడానికే ముప్పై శాతం అయిపోతుందయ్యా."

ప్రతి గదిలో ఎయిర్ కండిషనర్ పక్కన ఒక పెట్టె బిగించారు. మా కాలర్లకు చిన్న మైకు తగిలించారు. నేను మాట్లాడితే పెట్టె కొలుస్తుంది. పరిమితి లోపల ఉంటే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. ఆ పెట్టెలు తయారుచేసింది క్వాంగ్ గారి పాత వ్యాపార మిత్రుడే కాబట్టి మీద ఇరవై రెండు డిగ్రీలు అని కూడా కనబడేది.

ముప్పై శాతంతో తరగతి నిజంగానే బాగా నడిచింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ రోడ్డుకు అవతల ఇంకో అకాడమీ ఉంది. వాళ్లు ఒకరోజు పొద్దున్నే బోర్డు పెట్టారు: 'మా ఉపాధ్యాయులు ఇరవై శాతమే మాట్లాడతారు.' తల్లిదండ్రులు రోడ్డు మధ్యలో నిలబడి రెండు బోర్డులనూ చూశారు. తక్కువ మాట్లాడేవాడికి ఎక్కువ తెలుసుంటుందని మన దగ్గర కూడా ఒక నమ్మకం ఉంది కదా. మధ్యాహ్నానికి మేము పది అని రాశాం. మర్నాడు వాళ్లు ఐదు అన్నారు. క్వాంగ్ గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లారేసరికి కొంగ మెడలో పెద్ద సున్నా వేలాడుతోంది.

దాంతో పాటు ఒప్పందంలో కొత్త పేరా వచ్చింది. మిస్ లాన్ చదివి వినిపించింది. "అభ్యాసకుని సమక్షమున, సంస్థ ఆవరణలో గానీ బయట గానీ, ఉపాధ్యాయుడు ఆంగ్ల వాక్కు చేయరాదు. చేసినచో ఒప్పందమూ, తత్ఫలితముగా వీసాయూ రద్దగును."

"మరి మమ్మల్ని ఎందుకు ఉంచుకున్నట్టు?" అని డెర్మట్ అడిగాడు.

"ఉపాధ్యాయుని మౌనమే బోధనా సామగ్రి. మౌనం పాటించుటకు ఉపాధ్యాయుడు అవసరం."

డెర్మట్ ప్రయత్నించాడు పాపం. మొదటి గంటలో దగ్గాడు. ఎర్ర దీపం. మిస్ లాన్ రిపోర్టులో 'ఆంగ్ల ఉచ్చారణతో దగ్గు' అని రాసింది. ఆయన వారం తిరక్కుండా ఐర్లండు వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లిన టాక్సీ డ్రైవరు తర్వాత మాతో చెప్పాడు, దారి పొడుగునా ఒక గాడిద కథ విన్నానని, సగమే అర్థమైనా ఏడుపొచ్చిందని.

నేను మాత్రం ఉండిపోయాను. ఒప్పుకున్న పని చేయాలని మా అమ్మ చెప్పింది, ఆ పని ఏమిటో ఆమెకు తెలియకపోయినా. పైగా పెద్దవాళ్ల ముందు నోరు మూసుకొని కూర్చోవడం మా ఇంట్లో అందరికంటే ముందు నేర్చుకున్న విద్య. రోజూ టై కట్టుకొని వెళ్లి, కుర్చీలో కూర్చుని, విద్యార్థులను చూసేవాణ్ణి. వాళ్లు నన్ను చూసేవాళ్లు. కాసేపటికి ఒకరినొకరు చూసుకొని, వాళ్ల భాషలో కబుర్లు మొదలుపెట్టేవాళ్లు. చేపల ధరలు, వియ్యాలవారి గొడవలు, ఎవరి స్కూటరు ఎక్కడ పోయింది. పచ్చ దీపం ఆరకుండా వెలిగేది.

మిస్ లాన్‌ను ఒకసారి స్టాఫ్ రూములో అడిగాను. అక్కడ విద్యార్థులు ఉండరు కాబట్టి మాట్లాడవచ్చు. "మేడమ్, వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడటం లేదు."

"అభ్యాసక వాక్కు నూరు శాతం నమోదైనది. మాపకం పరిమాణాన్ని కొలుచును. భాషను కొలవడం దాని పరిధిలో లేదు."

అక్కతో ఆదివారం ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి. మా అక్క గంగామణి చేతులు బీడీల మీద, ఫోను భుజం మీద.

"ఏం జేస్తున్నవ్‌రా ఆడ?"

"ఏం లేదక్కా. మాట్లాడకుండా కూచుంటున్న."

"ఎవలతోని కొట్లాట?"

"కొట్లాట కాదు, కొలువే అది. మాట్లాడకుంటేనే జీతం."

అవతల కాసేపు కత్తెర చప్పుడు వినబడింది. తునికాకు కోస్తోంది.

"నిజంగనా? అయితే మీ బావను గూడ పిలిపియ్. జీతం ఆల్లు ఇయ్యకున్నా సరే, నేనిస్త."

వెనకాల నుంచి బావ గొంతు, "నన్నేమన్నదిరా? ఏమన్నదో చెప్పు," అంటూనే ఉంది. అక్క ఫోను పెట్టేసింది.

సున్నా దగ్గర కూడా సంస్థ ఆగలేదు. సున్నాకు కింద ఏముంటుందని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ముఖం ఉంది.

ఒకరోజు మిస్ లాన్ తరగతి వెనక కూర్చుని గమనించి, నా కనుబొమ్మలు మాట్లాడుతున్నాయని రిపోర్టు ఇచ్చింది. ఎవరైనా ఒక మాట సరిగ్గా అంటే నాకు తెలియకుండానే కనుబొమ్మ లేస్తోందట. అది 'ముఖ వాక్కు'. అభ్యాసకుడు ఉపాధ్యాయుడి ఆమోదం మీద ఆధారపడుతున్నాడు. అందుకని ముక్కూ నోరూ మూసే మాస్కు ఇచ్చారు. కనుబొమ్మలు మిగిలాయి. నల్ల కళ్లద్దాలు ఇచ్చారు. అప్పుడు నా తల ఊగుతోందని తేలింది. మన తల సంగతి తెలిసిందే, అవునన్నా ఊగుతుంది, కాదన్నా ఊగుతుంది. పెద్ద చర్చ జరిగింది. చివరికి నా కుర్చీ ముందు తెర కట్టారు.

తెర వెనక నేను చాలా శ్రద్ధగా కూర్చునేవాణ్ణి. టై మాత్రం మానలేదు.

ఈలోపు నాకు జ్వరం వచ్చింది. రెండు రోజులు వెళ్లలేదు. ఫీజులు కట్టిన తరగతి ఆపకూడదని, సంస్థ కరపత్రం కోసం తీసిన నా నిలువెత్తు ఫొటోను అట్టకు అంటించి కుర్చీలో నిలబెట్టారు. జ్వరం తగ్గి వచ్చేసరికి విద్యార్థుల సంతృప్తి పెరిగింది. ఫొటోలో నేను నవ్వుతూ ఉన్నాను. అసలు నేను ఆ చలికి అంతగా నవ్వేవాణ్ణి కాదు. ఫొటోకు తెర అక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు, తల ఊగదు.

"మీ ప్రతిరూపం ప్రమాణాలకు మీకన్నా దగ్గరగా ఉంది," అన్నారు క్వాంగ్ గారు, నా భుజం తట్టి, చాలా ఆప్యాయంగా. "ఇకనుంచి మీరు స్టాఫ్ రూములో ఉండి దానికి మద్దతు ఇవ్వండి."

ఆ నెల ఉత్తమ ఉపాధ్యాయ బహుమతి నా ఫొటోకు వచ్చింది. మెడల్‌ను నేనే తీసుకెళ్లి దానికి వేశాను.

నాకు బాధగా ఉందని చెప్పను. జీతం వస్తోంది. కానీ రోజూ సాయంత్రం స్టాఫ్ రూము కిటికీలోంచి తామ్ కాక మెట్లెక్కడం కనబడేది. ఆయన ఒక్క తరగతి మానలేదు. ఫొటో ఎదురుగా మొదటి వరసలో కూర్చుని, చెవి కొంచెం ముందుకు పెట్టి, వినేవాడు. ఏం వినేవాడో మరి.

ఒక సాయంత్రం మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"థై, పరీక్ష వచ్చే నెల. నీ ఫొటో మంచిదే, మర్యాదగలది. కానీ నేను ఇంగ్లిష్ మాట విని చాన్నాళ్లయింది. మొన్న ఒక ఓడవాడు రేడియోలో ఏదో అరిచాడు. నిచ్చెన ఏ పక్కన వేయాలని అడిగాడేమో. నాకు తెలియలేదు. వాడు ఒక పక్క వేశాడు, నేను ఇంకో పక్క వెళ్లాను. పైలట్ కాలు జారి నీళ్లలో పడబోయాడు. పాత పైలట్ కాబట్టి నన్ను తిట్టి ఊరుకున్నాడు."

ఇచ్చిన మాట ఉంది. ఒప్పందంలో సంతకం ఉంది. నాకు తెలిసిన బజారు వియత్నామీలో ఆయనకు ఆ పేరా అంతా చెప్పాను. ఇంగ్లిష్ మాట్లాడితే తప్పు గానీ వాళ్ల భాష మాట్లాడితే కాదు. నీ సమక్షంలో నేను నోరు విప్పితే నన్ను దేశం దాటిస్తారు కాకా అన్నాను.

తామ్ కాక గడ్డం గోక్కున్నాడు. జీవితమంతా ఓడకూ పడవకూ మధ్య దూరం కొలిచిన మనిషి. అందుకని అందరూ వదిలేసిన ప్రశ్న అడిగాడు.

"సమక్షం అంటే ఎంత దూరం?"

నాకు తెలియదు. తెలియనిది పై అధికారిని అడగాలి. మర్నాడు మిస్ లాన్ దగ్గరికి వెళ్లాను.

"మేడమ్, నిబంధన సరిగ్గా పాటించడానికి అడుగుతున్నాను. సమక్షం అంటే ఎంతవరకు?"

ఆమె కళ్లజోడు తీసి తుడిచింది. ఇలాంటి ప్రశ్న అడిగిన మొదటి ఉద్యోగిని నేనేననుకుంటాను, ఆమెకు ముచ్చటేసినట్టుంది. ఆలోచించి ప్రకటించింది. "ఒకరి రూపము మరొకరి కంటికి ఆనునంత మేర సమక్షము. ఆనని యెడల సమక్షము కాదు."

ఆ ఆదివారం తామ్ కాక నా చేతిలో ఒక రేడియో పెట్టాడు. వాళ్ల పడవలవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడేది. నన్ను అలలకు అడ్డంగా కట్టిన రాళ్లగట్టు చివర కూర్చోబెట్టి, పడవ తీసుకొని కొండ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లిపోయాడు. పడవ కనబడటం మానేసేదాకా ఆగాను. ఎందుకైనా మంచిదని ఇంకాసేపు ఆగాను. బటన్ నొక్కాను.

నోరు తెరిస్తే మాట రాలేదు. గాలి వచ్చింది. తర్వాత గుటక. తర్వాత మాట వచ్చింది, ఎవరిదో పాత గొంతు లాగా. "పైలట్ బోట్, పైలట్ బోట్. మాది పెద్ద ఓడ. నిచ్చెన ఏ పక్క వేయమంటారు?"

అవతల సముద్రం హోరు. చాలాసేపటికి, "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. మళ్లీ. ఆయన "ఎడమ" అనేసరికి నా చొక్కా చెమటకు తడిసింది.

అప్పటినుంచి వీలైన ప్రతి మధ్యాహ్నమూ గట్టు మీద నేను ఓడనయ్యాను. నా ఫొటోకు స్టాఫ్ రూములోంచి నా మద్దతు ఎలాగూ అవసరం పడేది కాదు. ఒకరోజు గ్రీకు ఓడను, ఒకరోజు కొరియా ఓడను. ఒకరోజు తొందరపడే కెప్టెన్‌ను, ఒకరోజు ముక్కుతో మాట్లాడే కెప్టెన్‌ను. "అలలు ఎక్కువగా ఉన్నాయి, ఎలా తిప్పమంటావు?" అని అడిగితే ఆయన, "గాలికి అడ్డం తిప్పు, నా పడవకు చాటు ఇయ్యి," అనేవాడు. "నిచ్చెన ఎంత ఎత్తులో?" "నీటికి మీటరు పైన." ఒకసారి నిజమైన కెప్టెన్‌లాగా ఆయన్ని ఇంగ్లిష్‌లో తిట్టాను. ఆయన నాకన్నా బాగా తిట్టాడు. అది నేను నేర్పలేదు, ఓడలవాళ్లు నేర్పి ఉంటారు.

నెలల తరబడి బిగబట్టిన ఇంగ్లిష్ అంతా బయటికి వచ్చింది. పాఠం అయిపోయాక కూడా ఆగబుద్ధి కాక వాతావరణం చెప్పేవాణ్ణి. కోరుట్ల గురించి చెప్పేవాణ్ణి. చేపలు మోసుకుపోయే ఆడవాళ్లు, రాళ్ల మీద టై కట్టుకొని డబ్బాతో మాట్లాడే పరాయి దేశం మనిషిని చూసి, పాపం అన్నట్టు అప్పుడప్పుడు ఒక చేప పెట్టి పోయేవాళ్లు.

మూడో వారంలో ఇంకో గొంతు వచ్చింది. "థై, నేను కూడా వింటున్నా. నన్నూ అడుగు." ఆ ఛానెల్‌లో ఉన్న పడవలన్నీ వింటున్నాయట. నాకు వాళ్లెవరో తెలియదు. ఒక్కరి రూపమూ నా కంటికి ఆనలేదు. నిబంధన ఎక్కడా దాటలేదు.

తామ్ కాక పాసయ్యాడు.

ఫలితం వచ్చిన రోజు ఆయన అకాడమీ వాకిట్లో కొంగ పక్కన నిలబడి అందరికీ చెరుకురసం పోయించాడు. అదే ఆయన చేసిన పొరపాటు. సంగతి క్వాంగ్ గారికి తెలిసింది.

"సున్నా శాతం విధానపు ప్రథమ ఫలం," అన్నారు ఆయన. నటన కాదు, ఆయన నిజంగానే నమ్మారు. పోస్టరు వేయించారు. ఒక పక్క తామ్ కాక, ఒక పక్క నా ఫొటో, కింద 'ఉపాధ్యాయుడు ఒక్క మాటైనా మాట్లాడకుండానే' అని రాయించారు. సభ పెట్టారు. జిల్లా నుంచి ఒక పెద్ద అధికారిని పిలిచారు. అవతలి అకాడమీ యజమానిని మొదటి వరసలో కూర్చోబెట్టారు, చూసి ఏడవడానికి.

సభకు ముందు తామ్ కాక నా దగ్గరికి వచ్చాడు. "థై, ఇంగ్లిష్‌లో రెండు మాటలు చెప్పమంటున్నారు. ఏం చెప్పను?"

సంస్థకు కృతజ్ఞతలు చెప్పి దిగిపో కాకా అన్నాను, బతిమాలి. నా వీసా ఆయన నాలుక మీద ఉంది.

ఆయన తల ఊపాడు. నా తల లాగానే, అటూ ఇటూ కాకుండా. నాకు భయం వేసింది.

వేదిక ఎక్కాడు. మైకును రేడియో లాగా నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. ఒక్కో మాటా విడివిడిగా, అలల మీద వినబడేలా చెప్పాడు.

"నేను తామ్. పైలట్ బోట్. నాకు ఇంగ్లిష్ నేర్పింది థై లిం. ఆయన రోజూ మాట్లాడాడు. చాలా మాట్లాడాడు. ఆపమన్నా ఆపలేదు. ఆయన మాట్లాడకపోతే నేను ఇవాళ గోడ వెనకాల ఉండేవాణ్ణి. థాంక్యూ థై. ఓవర్."

అక్క మొహం కనబడింది. అద్దం ముందు చేసిన సాధన, మూడు ముద్రలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

హాలంతా చప్పట్లు మోగాయి.

పెద్ద అధికారి కళ్లు మూసుకొని తల పంకించారు. క్వాంగ్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, రుమాలుతో కళ్లు అద్దుకున్నారు. మొదటి వరసలో అవతలి అకాడమీ యజమాని మొహం మాడిపోయింది. ఇంతమంది విద్యార్థులు, ఇంతమంది తల్లిదండ్రులు, ఇంగ్లిష్ అకాడమీ సభలో ఇంగ్లిష్‌లో చెప్పిన మాట ఒక్కరికీ ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? విని ఎన్నాళ్లయిందో.

ఒక్క మనిషికి ఎక్కింది. మిస్ లాన్ వేదిక పక్కన కదలకుండా నిలబడి ఉంది. ఆమె నన్నే చూస్తోంది. క్వాంగ్ గారు ఆమె చేతికి మైకు ఇచ్చి, సభ కోసం అనువదించమన్నారు.

ఆమె కళ్లజోడు తీసింది. తుడిచింది. పెట్టుకుంది. వియత్నామీలో ప్రకటించింది. నాకు అర్థమైనంతవరకు అది ఇది: "సంస్థ కల్పించిన వాతావరణంలో, తగినంత దూరం నుండి అందిన ప్రోత్సాహం వల్ల తాను ఉత్తీర్ణుడనైనట్లు అభ్యాసకుడు తెలియజేశారు."

మళ్లీ చప్పట్లు.

దిగి వస్తూ ఆమె నా పక్కన ఒక్క క్షణం ఆగింది. పెదాలు కదిలీ కదలకుండా ఇంగ్లిష్‌లో అడిగింది, "దూరం ఎంత?"

"కొండ అవతల, మేడమ్."

"అయితే ఉల్లంఘన జరగలేదు," అంది. వెళ్లిపోయింది. ఆమె ప్రకటించకుండా మామూలుగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

ఆ విజయమే నా ఉద్యోగం తీసింది. ఉపాధ్యాయుడి మాట లేకుండానే ఇంత ఫలితం వస్తే, ఉపాధ్యాయుడే లేకుండా ఎంత వస్తుందని క్వాంగ్ గారు ఆలోచించారు. లెక్క ప్రకారం తప్పు లేదు. ఒప్పందం ముగిసిన రోజు శాలువా కప్పి, 'సంస్థ మీ అనుపస్థితిని శాశ్వతంగా కొనసాగించదలచినది' అని రాసిన ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫొటో అక్కడే ఉంది. మూడు తరగతులు చూసుకుంటోందని, మెడల్స్ బరువుకు కొంచెం ముందుకు వంగిందని విన్నాను.

నేనిప్పుడు జగిత్యాలలో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ పెట్టె లేదు, దీపం లేదు. మా అక్క అంటుంది, "పోయేటప్పుడు మంచిగుండె. ఇప్పుడు ఈని బావ ఒక్కడు సాలడన్నట్టు ఈడు గూడ వాగుడు మొదలువెట్టిండు."

ఇదంతా ఎందుకు రాశానంటే, మన సముద్రం జిల్లాల పిల్లలు చాలామంది ఓడల్లో పనిచేస్తున్నారని విన్నాను. ఇది చదివేవాళ్లలో మీరు ఉండవచ్చు, మీ తమ్ముడు ఉండవచ్చు. ఎప్పుడైనా మీ ఓడ అటువైపు వెళ్లి ఒక రేవు బయట ఆగినప్పుడు, రేడియోలో ఒక ముసలి గొంతు వియత్నాం మాట తీరుతో కాకుండా, అచ్చం కోరుట్ల యాసలో ఇంగ్లిష్ మాట్లాడితే కంగారుపడకండి. ఎడమ పక్క అంటే ఎడమ పక్క, మీటరు అంటే మీటరు, నిచ్చెన ఆయన చెప్పినట్టే వేయండి. ఆయన పేరు తామ్. ఆ ఊళ్లో పోస్టరు మీద ఆయనకు ఎవరూ ఒక్క మాటా చెప్పలేదని రాసి ఉంటుంది. ఆయన మాత్రం నిండు సభలో నిజమే చెప్పాడు, ఎవరికీ అర్థం కాలేదు. మీకు అర్థమైంది కదా. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.